కాలేజీ ర్యాంకులు ఎలా కడతారు, ఎంతవరకు నమ్మాలి? బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల వచ్చిందంటే బెంగళూరులో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. సెకండ్ పీయూ (కర్ణాటకలో ఇంటర్ రెండో ఏడాది) అయిన పిల్లల తల్లిదండ్రులు, అనంతపురం నుంచో నెల్లూరు నుంచో పిల్లల్ని ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో చేర్పిద్దామనుకునే చుట్టాలు, అందరూ ర్యాంకుల పట్టికలు ఒకరికొకరు పంపించుకుంటారు. స్టాటిస్టిక్స్ చదివి ఆ పనే చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి ప్రశ్నలు నా దాకా వస్తాయి. మళ్లీ మళ్లీ వచ్చినవాటిని, నా జవాబులతో సహా ఇక్కడ పెడుతున్నాను. ఏ కాలేజీలో చేర్చాలో చెప్పను. పట్టిక చేతికొచ్చినప్పుడు దాన్ని ఎలా చదవాలన్నదే ఇక్కడి విషయం.

ఒక కాలేజీకి 62వ ర్యాంకు, ఇంకోదానికి 78. మొదటిదే మంచిదనుకోవచ్చా అండీ?

ఆ ఒక్క ముక్కతో అనుకోలేం. మార్కులను పెద్దదాని నుంచి చిన్నదాని దాకా పేర్చితే వచ్చే స్థానమే ర్యాంకు. ఇద్దరి మధ్య దూరం ఎంతో అందులో కనిపించదు. కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాబితాలో ర్యాంకు పక్కనే రెండు దశాంశ స్థానాలతో మార్కులు కూడా ఇస్తారు, మనవాళ్లు వాటివైపు చూడరు. చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పైన కొద్దిమంది మధ్య ఎడం బాగా ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ కాలేజీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. ఒక్క మార్కు తేడాలో చాలా కాలేజీలు ఇరుక్కుంటాయి. అక్కడ అరమార్కు అటూ ఇటూ అయితే ర్యాంకు నాలుగైదు స్థానాలు కదులుతుంది.

అందుకే పైన మార్పు తక్కువ. 2016 నుంచి 2025 దాకా ప్రతి ఏడూ ఇంజినీరింగ్‌లో ఐఐటీ మద్రాసు, విశ్వవిద్యాలయాల్లో మన బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) మొదటి స్థానంలోనే ఉన్నాయి. మధ్యలో ఉన్న కాలేజీలు మాత్రం ఏటా పైకీ కిందికీ ఊగుతుంటాయి. నూరు దాటాక ఎన్‌ఐఆర్‌ఎఫ్ విడివిడి ర్యాంకులు ఇవ్వదు, 101 నుంచి 150, 151 నుంచి 200 అని గుంపులుగా ఇస్తుంది. నన్నడిగితే ఇరవయ్యో స్థానం తర్వాత నుంచే అలా ఇవ్వడం నిజాయితీ.

ఈ సంగతిని గట్టిగా చెప్పినవాళ్లు బ్రిటన్‌కు చెందిన గణాంకవేత్తలు హార్వీ గోల్డ్‌స్టీన్, డేవిడ్ స్పీగెల్‌హాల్టర్. బడులకూ ఆసుపత్రులకూ పట్టికలు వేయడం అక్కడ 1990ల్లో జోరుగా సాగింది. 1996లో వీళ్లిద్దరూ ప్రతి సంస్థ అంకెకూ, అసలు విలువ ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే కింది హద్దు, పై హద్దు కట్టి చూపించారు. చాలా సంస్థల హద్దులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంటే ఎవరు ముందో ఎవరు వెనకో ఆ డేటాతో తేల్చలేం. ర్యాంకుకే హద్దులు కట్టినప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. 1998లో బ్రిటన్‌లోని 52 ఐవీఎఫ్ (సంతాన సాఫల్య) కేంద్రాల మీద స్పీగెల్‌హాల్టర్ మరో పరిశోధకుడితో కలిసి ఇదే పని చేస్తే, చాలా కేంద్రాల ర్యాంకు పట్టికలో ఎక్కడెక్కడికో సాగింది.

అసలు ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు ఎలా కడతారు?

కేంద్ర ప్రభుత్వం 2015లో దీన్ని మొదలుపెట్టింది. మొదటి జాబితా 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఇంజినీరింగ్‌కు ఐదు విభాగాలు. బోధనకూ వనరులకూ 30 మార్కులు, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకు 20, అమ్మాయిలు, బయటి రాష్ట్రాల వాళ్లు, పేద విద్యార్థులు, దివ్యాంగులు ఎంతమంది ఉన్నారన్నదానికి 10, విద్యావేత్తల్లోనూ కంపెనీల్లోనూ ఉన్న పేరుకు 10. డేటా కాలేజీలే ఇస్తాయి. పరిశోధనా పత్రాల లెక్క మాత్రం బయటి డేటాబేసుల నుంచి తీసుకుంటారు.

ఆ 30, 30, 20 ఎవరు పెట్టారు? వేరేగా పెడితే?

కమిటీ కూర్చుని పెట్టింది. గణితంలో ఎక్కడా రాసిపెట్టి లేదు. ర్యాంకుల వ్యవహారంలో ఎక్కువమంది గమనించనిది ఇదే. వెయిటేజీ అంటే ఒక అభిప్రాయం, దానికి అంకె తొడిగారంతే.

రెండు కాలేజీలు ఊహించుకోండి. ఒకదానికి ఐదు విభాగాల్లో నూటికి 70, 20, 80, 60, 30 వచ్చాయి. రెండోదానికి 60, 50, 60, 50, 40. ఎన్‌ఐఆర్‌ఎఫ్ వెయిటేజీతో మొదటిది 52, రెండోది 54. రెండోదే ముందు. ఇప్పుడు మీ అబ్బాయి బీఈ చేసి ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాడు, పీహెచ్‌డీ ఆలోచన లేదు. బోధనకు 40, పరిశోధనకు 10, ఫలితాలకు 40, మిగతా రెండింటికి చెరి 5 ఇచ్చి చూడండి. మొదటిది 66.5, రెండోది 57.5. కాలేజీల్లో ఇసుమంత కూడా మార్పు లేదు, వరస తలకిందులైంది.

కాబట్టి ఏ జాబితా అయినా వెయిటేజీని కొద్దికొద్దిగా మారుస్తూ వందలసార్లు లెక్కకట్టి, ఎన్నిసార్లు ర్యాంకు నిలబడిందో చూపిస్తే బాగుంటుంది. దీన్ని సెన్సిటివిటీ విశ్లేషణ అంటారు. పత్రికలు వేసే జాబితాల్లో ఇది కనిపించదు. కనిపిస్తే అమ్మకాలు ఉండవు మరి.

ఇంకో చిక్కుంది. వెయిటేజీ వేసేముందు లక్షల్లో ఉండే జీతాన్నీ, శాతాల్లో ఉండే ఉత్తీర్ణతనూ ఒకే కొలబద్ద మీదికి తేవాలి. అందరికన్నా ఎక్కువ వచ్చినవాళ్లకు 100, తక్కువ వచ్చినవాళ్లకు 0 అని పెడితే, ఒక్క ఐఐటీ చేరగానే మిగతావాళ్లంతా అడుగున కుక్కుకుపోతారు. సగటు నుంచి ఎంత దూరమో కొలిస్తే ఫలితం ఒకలా, పర్సంటైల్ తీసుకుంటే ఇంకోలా వస్తుంది.

ఐఐఎస్‌సీ అంత గొప్పదైతే ప్రపంచ ర్యాంకుల్లో ఎందుకంత వెనక?

ప్రపంచ ర్యాంకులు దేన్ని కొలుస్తున్నాయో చూడాలి. క్యూఎస్ అనే బ్రిటన్ సంస్థ 2021లో విడుదల చేసిన ప్రపంచ జాబితాలో, ఒక్కో అధ్యాపకుడికి ఎన్ని సైటేషన్లు (వాళ్ల పత్రాలను ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ఉటంకించారు) అన్న అంశంలో ఐఐఎస్‌సీకి నూటికి నూరు వచ్చాయి. కానీ ఆ అంశానికి ఉన్న వెయిటేజీ 20 శాతమే. విదేశీ విద్యార్థులు, విదేశీ అధ్యాపకులు అన్న అంశాల్లో మన సంస్థలకు సహజంగానే తక్కువ వస్తాయి. సర్వేలో పేరు వినబడాలంటే పెద్ద సంస్థ అయి ఉండాలి, అన్ని సబ్జెక్టులూ ఉండాలి. ఐఐఎస్‌సీలో సైన్సు, ఇంజినీరింగే ప్రధానం.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. క్యూఎస్ 2023 జాబితాలో ఐఐఎస్‌సీ 155వ స్థానంలో ఉంది. 2024 జాబితాలో 225. మల్లేశ్వరం పక్కనున్న ఆ క్యాంపస్‌లో ఒక్క ఏడాదిలో ఏం కూలిపోయింది? ఏమీ లేదు. ఆ ఏడాదే క్యూఎస్ ఫార్ములా మార్చింది. విద్యార్థులకూ అధ్యాపకులకూ ఉన్న నిష్పత్తి వెయిటేజీని 20 నుంచి 10కి, విద్యావేత్తల సర్వేను 40 నుంచి 30కి తగ్గించి, కొత్త అంశాలు చేర్చింది. ఫార్ములా మారిన ఏడాది ర్యాంకును కిందటేడు ర్యాంకుతో పోల్చకూడదు. 2020లో మద్రాసు, బొంబాయి, ఢిల్లీ సహా ఏడు ఐఐటీలు టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకులకు డేటా ఇవ్వబోమన్నాయి. లెక్కల్లో పారదర్శకత లేదన్నది వాళ్ల ఫిర్యాదు.

మేం చూసిన కాలేజీకి నాక్ ఏ ప్లస్ ప్లస్ ఉంది. అది చాలదా?

నాక్ అంటే కాలేజీల, యూనివర్సిటీల నాణ్యతను తనిఖీ చేసే జాతీయ సంస్థ. అది ర్యాంకు ఇవ్వదు, గ్రేడు ఇస్తుంది. ఇద్దరిలో ఎవరు ముందన్నది దాని పని కాదు, ఒక ప్రమాణాన్ని అందుకున్నారా లేదా అన్నదే. 1994లో ఏర్పాటైన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం మన నాగరభావిలోనే ఉంది. నాలుగుకు 3.51 వస్తే ఏ ప్లస్ ప్లస్, 3.50 వస్తే ఏ ప్లస్. ఆ 0.01 తేడాను అంత కచ్చితంగా కొలవగల పద్ధతి ఏదీ లేదు. కానీ గేటు మీద బోర్డు మారిపోతుంది, ఒక్కోచోట ఫీజు కూడా.

పైగా నాక్ గ్రేడు సంస్థ మొత్తానిది. మీ అమ్మాయి చేరబోయే బ్రాంచి సంగతి కావాలంటే ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు చూడండి, అది కోర్సు వారీగా ఇస్తారు. 2014లో మనదేశం, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది, దాంతో ఎన్‌బీఏ టైర్ వన్ (స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థల) కోర్సులకు బయటి దేశాల్లోనూ విలువ ఉంటుంది. ఇక తనిఖీ బృందాల మీద నమ్మకం విషయానికొస్తే, 2025 ఫిబ్రవరిలో లంచం కేసులో నాక్ తనిఖీ బృందం ఛైర్మన్‌నూ సభ్యులనూ సీబీఐ అరెస్టు చేసింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌లోని సంస్థకు సంబంధించిందే.

ప్లేస్‌మెంట్లు 95 శాతం అని కాలేజీవాళ్లు చెబుతున్నారు. నమ్మవచ్చా?

ముందు అడగాల్సింది ఒకటే: ఎంతమందిలో 95 శాతం?

1863 నాటి ఒక కథ చెబుతాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆసుపత్రుల గురించి రాసిన పుస్తకంలో లండన్‌లోని 24 ఆసుపత్రుల మరణాల రేటు నూటికి 90కి పైగా అని అచ్చయింది. వెళ్లినవాళ్లలో పదింట తొమ్మిదిమంది చచ్చిపోయారా? లేదు. ఏడాది మొత్తం మీద జరిగిన మరణాలను, ఒకే ఒక్క రోజున మంచాల మీద ఉన్న రోగుల సంఖ్యతో భాగించారు. ఏడాదిలో చేరిన రోగులందరితో భాగించి ఉంటే అంకె ఎంతో తక్కువ వచ్చేది. నైటింగేల్ అల్లాటప్పా మనిషి కాదు, ఆ కాలంలో గణాంకాలతో ప్రభుత్వాలను కదిలించిన మనిషి. అయినా హారం అలా దొర్లింది. అప్పట్లోనే వైద్యులు దాని మీద గొడవ పెట్టుకున్నారు.

మన కాలేజీల దగ్గర హారం దొర్లదు, దొర్లిస్తారు. మొదటి ఏడాది చేరినవాళ్లు 600 అనుకుందాం. నాలుగేళ్లలో పూర్తిచేసినవాళ్లు 480. ఏ బ్యాక్‌లాగూ లేకుండా అర్హత ఉండి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లు 320. ఉద్యోగం వచ్చినవాళ్లు 304. 304ను 320తో భాగిస్తే 95 శాతం, 480తో భాగిస్తే 63, 600తో భాగిస్తే 51. మూడూ నిజమే. కరపత్రంలో ఏది అచ్చు వేస్తారో చెప్పనక్కర్లేదు. ఒక్కోసారి లవంలో కూడా పిల్లల బదులు ఆఫర్లు లెక్కపెడతారు. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే మూడు.

జీతం దగ్గర సగటు అడగొద్దు, మీడియన్ అడగండి, అంటే జీతాలన్నీ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చేది. వందమందిలో 99 మందికి 5 లక్షలు, ఒక్కడికి కోటి వస్తే సగటు దాదాపు 6 లక్షలు, మీడియన్ 5 లక్షలు. హోర్డింగ్ మీద మాత్రం ఆ కోటి ఉంటుంది. ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు మన తెలుగు టీవీల్లో ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ఊపిరాడకుండా చదివే ప్రకటనలు విన్నాం కదా, ఆ సంస్థల్లో మొత్తం ఎన్ని లక్షలమంది చదివారో ఏనాడైనా చెప్పారా?

ఎన్‌ఐఆర్‌ఎఫ్ చేసిన మంచి పని ఒకటుంది. కాలేజీ ఇచ్చిన డేటాను పీడీఎఫ్‌గా అందరికీ కనబడేలా పెట్టారు. మొదటి ఏడాది చేరినవాళ్లు, నిర్ణీత కాలంలో పూర్తిచేసినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, మీడియన్ జీతం, పైచదువులకు వెళ్లినవాళ్లు, అన్నీ సంవత్సరాల వారీగా అందులో ఉంటాయి. ర్యాంకు కన్నా ఆ పీడీఎఫ్ విలువైనది.

ఒక చిన్న కాలేజీలో నూటికి నూరు ప్లేస్‌మెంట్. పెద్ద పేరున్నదాంట్లో 80. ఇదేమిటి?

చిన్న సంస్థలు పట్టికకు ఆ చివరా ఈ చివరా కూడా కనబడతాయి. కారణం వాటి ప్రతిభో లోపమో కానక్కర్లేదు, లెక్క తక్కువమంది మీద జరగడం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది, ఎందుకంటే గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో ఒకే మంట మీద ఉడికినవి. పిల్లలు అలా కాదు కదా, ఒక్కొక్కరూ ఒక్కో రకం. 30 మందిలో 24 మందికి ఉద్యోగాలొస్తే 80 శాతం, కానీ దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే అసలు విలువ ఉండగల హద్దులు, సుమారు 63 నుంచి 90. 600 మందిలో 480 మందికి వచ్చినా 80 శాతమే, హద్దులు 77 నుంచి 83. మనిషికి మనిషికి ఉన్న తేడా సగటులో ఎంత మిగులుతుందన్నది సంఖ్య వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. నాలుగింతలు మందిని చూస్తేగాని అనిశ్చితి సగం కాదు.

దీనికి విరుగుడు ఏమిటంటే, ప్రతి కాలేజీ అంకెనూ అందరి సగటువైపు కొంత లాగడం. చిన్నదాన్ని ఎక్కువ లాగుతారు, పెద్దదాన్ని తక్కువ. ఉదాహరణకు అన్ని కాలేజీల సగటు 70 శాతం అనుకుందాం. ప్రతి కాలేజీకీ ఆ సగటుతో నడిచే 40 మంది ఊహా విద్యార్థులను కలుపుదాం. పదికి పదిమందికి ఉద్యోగాలొచ్చిన కాలేజీ 50 మందికి 38 అవుతుంది, అంటే 76 శాతం. 600కు 480 వచ్చినది 640కి 508, అంటే 79. పెద్దదే పైకొచ్చింది. ఆ 40 అన్నది నోటికొచ్చినట్టు పెట్టేది కాదు, కాలేజీల మధ్య అసలు తేడా ఎంతుందో డేటా నుంచే కట్టి తేల్చేది. దీన్ని ష్రింకేజీ అంటారు.

కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంకవేత్త సి.ఆర్. రావు 1945లో ఒక ఫలితం నిరూపించారు. పక్షపాతం లేని (సగటున అసలు విలువకే చేరే) అంచనా ఏదైనా సరే, ఇంతకన్నా తక్కువ అనిశ్చితితో రాదని దానికి అడుగుహద్దు గీశారు. 1956లో అమెరికా గణాంకవేత్త చార్లెస్ స్టీన్ అందరికీ వింతగా తోచిన సంగతి చెప్పాడు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ సగటులను కలిపి అంచనా వేస్తున్నప్పుడు, కొంచెం పక్షపాతాన్ని ఒప్పుకుని లోపలికి లాగితే మొత్తం మీద పొరపాటు తగ్గుతుందని. కాలేజీల పట్టికకు ఇది అచ్చంగా సరిపోతుంది. లాగించుకున్న చిన్న కాలేజీకి అన్యాయం జరిగిందనిపిస్తుంది, నిజమే, ఒక్కోసారి జరుగుతుంది కూడా. నిజంగా గొప్పదైన చిన్న సంస్థ తన గొప్పతనాన్ని చూపించుకోవాలంటే కొన్నేళ్ల డేటా కలిపి చూడాలి.

కాలేజీ మొత్తం శాతం చూడాలా, బ్రాంచి శాతం చూడాలా?

బ్రాంచిది. ఎందుకో ఈ లెక్క చూడండి. మొదటి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పిల్లలు 400, వాళ్లలో 90 శాతానికి ఉద్యోగాలు. సివిల్, మెకానికల్ 100, వాళ్లలో 50 శాతానికి. మొత్తం 500కు 410, 82 శాతం. రెండో కాలేజీలో కంప్యూటర్ సైన్స్ 100 మందే, 95 శాతానికి ఉద్యోగాలు. సివిల్, మెకానికల్ 400, 60 శాతానికి. మొత్తం 500కు 335, అంటే 67 శాతం. ఏ బ్రాంచి తీసుకున్నా రెండో కాలేజీదే పైచేయి. మొత్తం మీద మొదటిది ఎక్కడో ముందుంది.

దీని పేరు సింప్సన్ వైపరీత్యం. 1973లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పీజీ ప్రవేశాల్లో మగవాళ్లకు 44 శాతం, ఆడవాళ్లకు 35 శాతం సీట్లొచ్చాయని వివక్ష అన్నారు. శాఖల వారీగా విడదీస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. ఆడవాళ్లు పోటీ ఎక్కువున్న శాఖలకు ఎక్కువగా దరఖాస్తు చేశారు. బెంగళూరు కాలేజీలు ఏటా సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకుంటున్నప్పుడు, మొత్తం శాతం పెరగడానికి పాఠం బాగా చెప్పనవసరం లేదు.

మంచి ర్యాంకర్లను చేర్చుకుంటే ఎవరికైనా మంచి ఫలితాలు వస్తాయి కదా?

వస్తాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్లకు స్టాటిస్టిక్స్ సగం వచ్చేసినట్టే. కేసెట్‌లో (కర్ణాటక ప్రవేశ పరీక్షలో) మూడంకెల ర్యాంకు వచ్చినవాడు ఏ కాలేజీలో కూర్చున్నా ఎలాగో ఉద్యోగం తెచ్చుకుంటాడు. అందులో కాలేజీ వాటా ఎంత? దీనికోసం వాల్యూ యాడెడ్ అనే కొలత వాడతారు. చేరినప్పటి ర్యాంకు, పీయూ లేదా ఇంటర్ మార్కులు, బ్రాంచి, ఇంటి పరిస్థితి చూసి ఈ పిల్లవాడికి సాధారణంగా ఎంత రావాలో అంచనా వేస్తారు. వచ్చినదానికీ అంచనాకీ తేడా కాలేజీ ఖాతాలో పడుతుంది. పిల్లలు బ్రాంచిలోపల, బ్రాంచి కాలేజీలోపల ఉంటారు కాబట్టి పొరలు పొరలుగా లెక్కకట్టే మల్టీలెవల్ మోడల్ కావాలి. గోల్డ్‌స్టీన్ జీవితమంతా పనిచేసింది దీని మీదే. ఈ మోడల్‌లో పైన చెప్పిన ష్రింకేజీ దానంతటదే జరుగుతుంది.

ఇంగ్లండ్‌లో బడులకు ఈ పద్ధతి ఉంది, అమెరికాలోని టెనెసీలో టీచర్లకు కూడా పెట్టారు. మన దగ్గర ప్రవేశ పరీక్షల డేటా ఒకచోట, యూనివర్సిటీ మార్కులు ఇంకోచోట, ఉద్యోగాల లెక్క కాలేజీ దగ్గర ఉంటాయి. మూడూ కలిపితేగాని ఇది కుదరదు. అయితే ఇదీ దోషం లేనిది కాదు. మోడల్‌లో లేనిది ఏదైనా, తండ్రి కంపెనీలో ఉన్న పరిచయాలతో వచ్చిన ఉద్యోగం సహా, కాలేజీ గొప్పగా నమోదవుతుంది.

కటాఫ్ ర్యాంకులు చూసి నిర్ణయించుకోవచ్చా?

కటాఫ్ గిరాకీని చూపిస్తుంది. గిరాకీలో ఫీజు, మెట్రో స్టేషన్ దూరం, తెలిసినవాళ్ల మాట, కిందటేటి కటాఫ్, అన్నీ కలిసి ఉంటాయి. జనం చేరారు కాబట్టి మంచిది, మంచిది కాబట్టి జనం చేరారు, ఇలా గుండ్రంగా తిరుగుతుంది. అయినా పత్రికల జాబితాలకన్నా నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. కరపత్రంలో రాయడం తేలిక, వేలమంది తమ ఆప్షన్లను ఏ వరసలో పెట్టారన్నది మార్చడం కష్టం. ఐదేళ్ల కటాఫ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఒక్క ఏడాదిది వద్దు.

కిందటేడు 40 స్థానాలు ఎగబాకిన కాలేజీ అట. ఇంకా పైకి వెళ్తుందా?

ఎక్కువసార్లు కొంత వెనక్కి జారుతుంది. అంత ఎగబాకడంలో కొంత అదృష్టం ఉంటుంది, అది మరుసటి ఏడాదికి ఉండదు.

ర్యాంకులు లేకుండా పోల్చే మంచి పద్ధతి ఏదైనా ఉందా?

ఉంది, ఫన్నెల్ ప్లాట్ అంటారు. గరాటు ఆకారం. అడ్డంగా విద్యార్థుల సంఖ్య, నిలువుగా ప్లేస్‌మెంట్ శాతం, ఒక్కో కాలేజీకి ఒక్కో చుక్క. మధ్యలో సగటు గీత, దానికి అటూ ఇటూ యాదృచ్ఛికంగా ఎంత తేడా రావచ్చో చూపే రెండు జతల హద్దులు, 95 శాతానికీ 99.8 శాతానికీ. సగటు 70 అయితే 30 మంది ఉన్నచోట 95 శాతం హద్దులు సుమారు 54 నుంచి 86, 600 మంది ఉన్నచోట 66 నుంచి 74. అందుకే బొమ్మ గరాటులా సన్నబడుతుంది. గరాటు లోపల ఉన్నవాళ్లందరినీ ఒకే గుంపుగా చూడాలి, వాళ్లలో ఎవరు ముందని అడగడమే తప్పు. బయట పడ్డవాళ్ల గురించి ఆరా తీయాలి. వంద కాలేజీలుంటే ఏ తేడా లేకపోయినా ఐదు 95 శాతం హద్దు దాటుతాయి, అందుకే రెండో హద్దు.

కాలేజీలు ఇచ్చే డేటా అబద్ధమైతే ఈ లెక్కలన్నీ ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం ఒక ప్రఖ్యాత జాబితాలో రెండో స్థానంలో ఉండేది. 2022లో ఆ విశ్వవిద్యాలయంలోనే గణితం చెప్పే మైఖేల్ థాడియస్, తమ సంస్థ ఇచ్చిన అంకెలు సరికావని లెక్కలతో బయటపెట్టారు. ఆ ఏడాది జాబితాలో అది 18కి పడిపోయింది. మన ఎన్‌ఐఆర్‌ఎఫ్ మీద కూడా డేటా గోల్‌మాల్ ఆరోపణలతో మద్రాసు హైకోర్టు మదురై బెంచికి పిటిషన్ వెళ్లింది, 2025 మార్చిలో ఫలితాల విడుదల కొంతకాలం ఆగింది.

అబద్ధం చెప్పకుండా కూడా అంకెను పెంచవచ్చు, అది పట్టుకోవడం ఇంకా కష్టం. పత్రాల సంఖ్యకు మార్కులుంటే పత్రాలు పెరుగుతాయి, వాటితోపాటు వెనక్కి తీసుకోవాల్సి వచ్చే పత్రాలూ పెరుగుతాయి. అందుకే 2025లో వెనక్కి తీసుకున్న పత్రాలకు ఎన్‌ఐఆర్‌ఎఫ్ మార్కులు కోయడం మొదలుపెట్టింది. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట కాలేజీలకూ అతుకుతుంది. ఒక కొలతను లక్ష్యంగా పెట్టుకున్న మరుక్షణం అది కొలతగా పనికిరాకుండా పోతుందని తర్వాతివాళ్లు దాన్ని కుదించి చెప్పారు.

ఊరి నుంచి నాన్నగారిని గుండె ఆపరేషన్‌కి బెంగళూరు తెస్తున్నాం. ఆసుపత్రులకు కూడా ఇలాంటి లెక్కలు ఉన్నాయా?

హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. ఆసుపత్రుల వారీగా, రోగుల రిస్కు సరిచేసి మరణాల పట్టికలు ప్రజల ముందు పెట్టే ఆనవాయితీ మన దగ్గర లేదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం బైపాస్ ఆపరేషన్లకు 1989 నుంచి ఈ డేటా సేకరిస్తోంది. అక్కడ చూసేది మరణాల శాతాన్ని కాదు. రోగుల వయసు, గుండె బలం, సుగర్, కిడ్నీల పరిస్థితి చూసి ఎన్ని మరణాలు రావచ్చో అంచనా కడతారు, జరిగినవాటిని దాంతో భాగిస్తారు. 300 ఆపరేషన్లలో 12 మరణాలు, అంచనా 15 అయితే నిష్పత్తి 0.8. ఇంకో ఆసుపత్రిలో 300కు 6, అంచనా 4 అయితే 1.5. శాతం చూస్తే రెండోది మెరుగు, నిష్పత్తి చూస్తే మొదటిది. అయితే 4కు 6 అన్నది యాదృచ్ఛికంగా కూడా రావచ్చు కాబట్టి రెండోదాన్ని వెంటనే తప్పుపట్టలేం. దీనికో దుష్ఫలితం ఉంది. పట్టికలో పేరు చెడుతుందని కొందరు సర్జన్లు బాగా జబ్బుగా ఉన్నవాళ్లను తీసుకోవడానికి వెనకాడతారన్న ఆందోళన అక్కడ ఇప్పటికీ ఉంది.

ఈ పద్ధతులు అక్కరకొచ్చిన చోటు కూడా చెప్పాలి. బ్రిటన్‌లో బ్రిస్టల్ ఆసుపత్రిలో పసిపిల్లల గుండె ఆపరేషన్ల మీద విచారణ జరిగింది, 2001లో నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 వరకు ఏడాదిలోపు పిల్లల్లో, మామూలుగా రావాల్సినదానికన్నా 30 నుంచి 35 మరణాలు ఎక్కువ జరిగాయని తేలింది. మిగతా కేంద్రాల్లో ఎవరు మూడో ఎవరు నాలుగో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక్క బ్రిస్టల్ చుక్క గరాటు బయట ఉంది.

మీ నాన్నగారి విషయంలో మీరు అడగదగ్గది: ఈ డాక్టరు ఇదే ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు, నాన్నగారి వయసులో, ఇదే సుగర్‌తో ఉన్నవాళ్లలో ఎలా జరిగింది అని.

మాకు ఇంత లెక్క రాదు. ఒక సాయంత్రం కూర్చుని ఏం చేయగలం?

నాలుగైదు కాలేజీల ఎన్‌ఐఆర్‌ఎఫ్ పీడీఎఫ్‌లు దించుకోండి. ఎక్సెల్‌లో మూడేళ్ల అంకెలు వేయండి. ఉద్యోగం వచ్చినవాళ్లనూ పైచదువులకు వెళ్లినవాళ్లనూ కలిపి, మొదటి ఏడాది చేరినవాళ్లతో భాగించండి. మధ్యలో రెండో ఏడాదిలో నేరుగా చేరే డిప్లొమా పిల్లలు ఉంటారు, వాళ్ల గడి వేరే ఉంటుంది, వాళ్లను కూడా హారంలో కలపండి. మీడియన్ జీతం పక్కన రాయండి. బ్రాంచి లెక్క పీడీఎఫ్‌లో దొరకదు. దానికి కాలేజీకి వెళ్లి, ప్లేస్‌మెంట్ సెల్‌ను కాకుండా ఆ బ్రాంచి ఫైనలియర్ పిల్లలను క్యాంటీన్ దగ్గర అడగండి, మన తెలుగు పిల్లలు ఎటూ దొరుకుతారు. ఐదు శాతం లోపు తేడాలుంటే ఆ కాలేజీలు సమానమే అనుకుని, ఫీజూ హాస్టలూ దూరమూ చూసుకుని తేల్చేయండి.

ఇంకొకటి, ఈ ఏడాది పట్టికలో కనిపించే ఉద్యోగాలు నాలుగైదేళ్ల కిందట చేరిన పిల్లలవి. మీ అమ్మాయి డిగ్రీ పట్టుకుని బయటికొచ్చేది ఇంకో నాలుగేళ్లకు. ఇంగ్లండ్ బడుల మీద జార్జ్ లెకీ, గోల్డ్‌స్టీన్ 2009లో ఇదే లెక్కకట్టారు. పాత పట్టికతో రాబోయే ఫలితాలను ఊహిస్తే అనిశ్చితి ఎంతగా పెరిగిందంటే, దాదాపు ఏ బడినీ ఇంకో బడి నుంచి విడదీయలేకపోయారు.